తాగుడు రక్తంలోనే ఉంటుందా?

పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి చదువు, జీతం, పొలం అన్నీ అడిగాక, చివర్లో గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: "వాళ్ల నాన్న తాగుతాడటగా?" అబ్బాయి చుక్క ముట్టడని తెలిసినా ఆ అనుమానం పోదు. తండ్రికున్నది కొడుక్కి రాకుండా ఉంటుందా అని ఆడపిల్లవాళ్ల భయం. అదే మాటను తాగేవాడు తనకు అండగా తెచ్చుకుంటాడు: "మా తాత తాగాడు, మా నాన్న తాగాడు, నా రక్తంలోనే ఉంది, నేనేం చేయను?" ఒకరికది అనుమానం, ఇంకొకరికి సాకు. తాగుడు వంశంలో దిగివస్తుందని మాత్రం ఇద్దరూ నమ్ముతారు.

ఆ నమ్మకం పూర్తిగా తప్పు కాదు. అయితే వంశంలో దిగివచ్చేది తాగుడు కాదు. జన్యువులు ఎవరి చేతికీ గ్లాసు అందించవు. లోపలికి దిగిన మద్యం ఆ ఒంటిని, ఆ మెదడును ఏం చేస్తుందన్నది చాలావరకు అవి తేలుస్తాయి. ఈ తేడా తెలిస్తే పెళ్లిపెద్దల అనుమానంలో ఎంత పస ఉందో, తాగేవాడి సాకులో ఎంత ఉందో ఎవరికి వారే లెక్కకట్టుకోవచ్చు.

పుట్టుకా, పెంపకమా?

తాగే తండ్రి దగ్గర పెరిగిన కొడుకు తాగితే దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. తండ్రి జన్యువులు వాడికి వచ్చాయి. పొద్దుగూకేసరికి సీసా మూత తీసే తండ్రిని చూస్తూ పెరగడమూ జరిగింది. రెంటిలో ఏది పనిచేసిందో విడదీయాలంటే కన్నవాళ్లు ఒకరు, పెంచినవాళ్లు ఇంకొకరు అయిన పిల్లల్ని చూడాలి.

డెన్మార్క్‌లో దత్తత వివరాలు ప్రభుత్వం దగ్గర పద్ధతిగా నమోదై ఉండేవి. అమెరికన్ మనోవైద్యుడు డొనాల్డ్ గుడ్విన్ బృందం వాటిని తవ్వి 1973లో ఫలితాలు ప్రకటించింది. కన్నవాళ్లలో ఒకరు తాగుడు జబ్బుతో ఆసుపత్రిలో చేరిన చరిత్ర ఉండి, పుట్టిన ఆరు వారాల్లోపే బంధుత్వం లేని ఇళ్లకు దత్తుపోయిన 55 మంది మగపిల్లలు ఒక వైపు. అలాంటి చరిత్ర లేని కన్నవాళ్లకు పుట్టి, అలాగే దత్తుపోయిన 78 మంది ఇంకో వైపు. వీళ్లంతా పెద్దవాళ్లయ్యాక చూస్తే మొదటి గుంపులో 10 మంది, అంటే 18 శాతం, తాగుడుకు బానిసలయ్యారు. రెండో గుంపులో నలుగురే, 5 శాతం. కన్నతండ్రి మొహం ఎరగని పిల్లలకూ ఆయన జబ్బులో వాటా వచ్చిందన్నమాట.

ముప్పు మూడున్నర రెట్లు అని ఈ లెక్కను చెబుతుంటారు. తప్పేమీ లేదు. కానీ అవే అంకెలను తిరగేసి చదివేవాళ్లు తక్కువ. ఆ 55 మందిలో 45 మంది తాగుబోతులు కాలేదు. పెళ్లిపెద్దలు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇదేనని నా అభిప్రాయం.

ఆ తర్వాత అనేక దేశాల్లో కవలల మీద అధ్యయనాలు జరిగాయి. అచ్చుగుద్దినట్టుండే కవలలకు జన్యువులన్నీ ఒకటే. మామూలు కవలలకు సగం మాత్రమే ఉమ్మడి. ఒకరు తాగుడుకు బానిస అయినప్పుడు రెండోవారూ అయ్యే అవకాశం మొదటి రకంలో ఎంత ఎక్కువ ఉంటే, జన్యువుల పాత్ర అంత ఎక్కువని అర్థం. ఈ అధ్యయనాలన్నీ కలిపి చూస్తే జన్యువుల వాటా దాదాపు సగమని తేలింది.

ఈ "సగం" అన్న మాట దగ్గరే చాలామంది జారిపడతారు. ఒక మనిషి తాగే నాలుగు పెగ్గుల్లో రెండు జన్యువులవి, రెండు స్నేహితులవి అని దీని అర్థం కాదు. ఒక సమాజంలో మనుషులకూ మనుషులకూ మధ్య కనిపించే తేడాల్లో సగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందని మాత్రమే. మద్యం దొరకని ఊళ్లో అందరి తాగుడూ సున్నాయే, అక్కడ జన్యువుల వాటా అడగడానికే ఏమీ లేదు. సందు సందుకూ బెల్టుషాపు ఉన్న ఊళ్లో అవే జన్యువులు బయటపడతాయి. అంటే ఈ సగం అన్నది ఒంట్లో రాసిపెట్టి ఉన్న అంకె కాదు. ఊరు మారితే అదీ మారుతుంది.

కాలేయంలో రెండు మడవలు

వరి పొలానికి నీళ్లు పెట్టేవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. పై మడి నీరు గట్టులోని మడవ గుండా మధ్య మడిలోకి దిగుతుంది. అక్కడినుంచి ఇంకో మడవ గుండా కిందికి పోతుంది. మధ్య మడిలో ఎంత నీరు నిలుస్తుందన్నది పై మడవ ఎంత తీశాం, కింది మడవ ఎంత తీశాం అన్నదాన్నిబట్టి ఉంటుంది. పైది బార్లా తీసి కిందది మూసేస్తే మధ్య మడి మునిగిపోతుంది.

మద్యం కాలేయంలో ఇలాగే రెండు మెట్లలో విరుగుతుంది. పై మడవ దగ్గర ఆల్కహాల్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైము మద్యాన్ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. మధ్య మడిలో చేరే నీరు ఈ ఎసిటాల్డిహైడే. ఇది విషం. మొహం ఎర్రబారడం, గుండె దడ, తలపోటు, కడుపులో తిప్పడం దీని పనులు. కింది మడవ దగ్గర ఆల్డిహైడ్ డీహైడ్రోజినేస్ అనే ఇంకో ఎంజైము దీన్ని హాని లేని ఎసిటేట్‌గా మార్చి పంపేస్తుంది. మామూలుగా రెండో పని వేగంగా జరిగిపోతుంది కాబట్టి మధ్యలో విషం పెద్దగా నిలవదు.

ఈ రెండు ఎంజైములకూ సూచనలు జన్యువుల్లో ఉంటాయి. అక్కడ ఒక్క అక్షరం మారినా మడవ వెడల్పు మారుతుంది. చైనా, జపాన్, కొరియా దేశాల్లో ఎక్కువమందికి పై మడవ మనకంటే వెడల్పు. ఏడీహెచ్1బీ అనే జన్యువులో వచ్చిన మార్పు వల్ల వాళ్లలో మద్యం చకచకా ఎసిటాల్డిహైడ్ అయిపోతుంది. అది చాలదన్నట్టు అక్కడే చాలామందికి కింది మడవ ఇరుకు. ఏఎల్‌డీహెచ్2 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడా వల్ల రెండో ఎంజైము కుంటుపడింది. ఈ ఎంజైము నాలుగు ముక్కలు జతకూడి పనిచేసే రకం. అందులో చెడ్డ ముక్క ఒకటి చేరినా మిగతావాటి పనినీ చెడగొడుతుంది. అందుకని తల్లిదండ్రుల్లో ఒక్కరినుంచి ఈ మార్పు వచ్చినా ఎంజైము బలం సగానికంటే బాగా కిందికి పడిపోతుంది. తూర్పు ఆసియాలో మూడోవంతుకు పైగా జనంలో ఈ మార్పు ఉంది. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివాళ్లు 50 కోట్లకు పైమాటే.

వాళ్లు ఒక బీరు తాగితే మొహం టమాటాలా అవుతుంది, గుండె కొట్టుకోవడం చెవులకు వినిపిస్తుంది. రెండోది తాగబుద్ధి కాదు. తల్లి నుంచి, తండ్రి నుంచి ఇద్దరి దగ్గరా ఈ మార్పు తెచ్చుకున్నవాళ్లలో తాగుడు జబ్బు దాదాపు కనిపించదు. మనిషి ప్రవర్తన మీద ఒక్క జన్యువుకు ఇంత పట్టు ఉండడం చాలా అరుదు. తాగుడు గురించి జన్యుశాస్త్రం గట్టిగా చెప్పగలిగిన మొదటి సంగతి, మనిషిని తాగించే జన్యువు గురించి కాకుండా తాగనివ్వని జన్యువు గురించి కావడం విశేషం.

కింది మడవను మందుతోనూ మూయవచ్చు. 1930లలో అమెరికాలో రబ్బరు పరిశ్రమలో పనిచేసే ఒక వైద్యుడు, అక్కడ వాడే రసాయనం తగిలిన కార్మికులకు మద్యం పడడం లేదని గమనించి రాశాడు. తర్వాత పదేళ్లకు డెన్మార్క్‌లో ఎరిక్ జాకబ్సెన్, యెన్స్ హాల్డ్ అదే కోవకు చెందిన రసాయనాన్ని కడుపులో పురుగులకు మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూశారు. ఆ తర్వాత మద్యం పుచ్చుకుంటే ఒళ్లంతా అల్లకల్లోలం. అలా పుట్టిందే 1948లో లోకానికి తెలిసిన డైసల్ఫిరామ్ మాత్ర. మన దేశంలోనూ డాక్టర్లు దీన్ని రాస్తారు. "తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తాడు" అని చాటుగా అమ్మే పొడుల జోలికి మాత్రం పోకండి. డైసల్ఫిరామ్ ఒంట్లో ఉందని తెలియక మనిషి పూటుగా తాగితే ప్రాణాల మీదికి వస్తుంది. రోగికి చెప్పకుండా ఇవ్వకూడని మందు అది.

ఇక జపాన్ కథ చూడండి, ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. అక్కడ తాగుడు జబ్బుకు చికిత్స పొందుతున్నవాళ్లలో ఈ అడ్డు జన్యువు ఒక్క ప్రతి ఉన్నవాళ్లు ఎంతమందో సుసుము హిగుచి బృందం పాత రక్త నమూనాలతో సహా పరీక్షించి 1994లో ప్రకటించింది. 1979లో 2.5 శాతం. 1986లో 8 శాతం. 1992లో 13 శాతం. పదమూడేళ్లలో ఒక జాతి జన్యువులు మారవు. మారింది జపాన్. ఆఫీసు ముగిశాక పై అధికారితో కలిసి తాగాల్సిందే అన్న ఒత్తిడి ఉన్న సమాజంలో, ఒళ్లు వద్దంటున్నా తాగడం నేర్చుకున్నవాళ్లు పెరిగారు. అంత గట్టి జన్యువునూ సమాజం దాటించేసింది. అలా దాటినవాళ్లకు శిక్ష కూడా ఎక్కువే. మధ్య మడిలో విషం నిలుస్తూనే ఉంటుంది కాబట్టి, ఈ జన్యువు ఉండి తాగేవాళ్లకు అన్నవాహిక క్యాన్సర్ ముప్పు మిగతా తాగుబోతుల కంటే చాలా ఎక్కువ.

మన సంగతేమిటి? కింది మడవను ఇరుకు చేసే ఆ మార్పు తెలుగువాళ్లలో, మొత్తంగా భారతీయుల్లో, ఈశాన్య రాష్ట్రాలను మినహాయిస్తే దాదాపు లేదు. కాలేయం మనకు పెట్టిన అడ్డు ఏమీ లేదన్నమాట.

కల్లు తాగే చింపాంజీలు

అసలు మద్యాన్ని విరిచే ఎంజైము మన ఒంట్లో ఎందుకుంది? సారాబట్టీలు పుట్టకముందే మద్యం అడవిలో ఉంది. పండిన పండు నేల రాలితే దాని తీపి మీద ఈస్టు చేరి పులియబెడుతుంది. మాథ్యూ కారిగన్ బృందం 2015లో, నేటి కోతుల జన్యువులను పోల్చి, మన పూర్వీకుల ఎంజైము ఏ కాలంలో ఎలా ఉండేదో ప్రయోగశాలలో మళ్లీ తయారుచేసి చూసింది. సుమారు కోటి ఏళ్ల కిందట, మనుషులకూ చింపాంజీలకూ గొరిల్లాలకూ ఉమ్మడి పూర్వీకుడిలో ఒకే ఒక్క మార్పు వచ్చి ఆ ఎంజైము మద్యాన్ని 40 రెట్లు సమర్థంగా విరవడం మొదలుపెట్టింది. చెట్టు దిగి నేల మీద తిరగడం మొదలైన కాలం అది. రాలిన పండు తిని తూలకుండా ఉన్నవాడికి తిండి దక్కింది.

పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశంలో బొస్సూ అనే ఊరుంది. అక్కడివాళ్లు రాఫియా తాటిజాతి చెట్లకు మన గీత కార్మికుల్లాగే గీతపెట్టి, ప్లాస్టిక్ డబ్బాలు కట్టి కల్లు దించుతారు. మనుషులు లేని వేళ చింపాంజీలు ఎక్కి, ఆకులు నమిలి ఉండచేసి, దాన్ని డబ్బాలో ముంచి కల్లు పీల్చుకుంటాయి. 1995 నుంచి 2012 దాకా పరిశోధకులు దీన్ని గమనించి రాశారు. ఆ కల్లులో మద్యం 3 నుంచి 7 శాతం దాకా ఉంది. కొన్ని చింపాంజీలు మళ్లీ మళ్లీ వచ్చాయి, కొన్ని అటు చూడనే లేదు. కల్లు కాంపౌండుకు పోయేవాళ్లకూ పోనివాళ్లకూ మధ్య ఉన్న తేడా అడవిలోనూ ఉందన్నమాట.

ఎక్కని మనిషి

"వాడు హాఫ్ బాటిల్ ఖాళీ చేసినా అడుగు తడబడదు" అని మెచ్చుకోలుగా చెబుతారు. ఆ మాట వింటే మార్క్ షుకిట్ మాత్రం కంగారుపడతాడు.

కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో ఈ మనోవైద్యుడు ఇరవై ఏళ్ల వయసు కుర్రాళ్లను పిలిచి, కొలిచిన మోతాదులో మద్యం ఇచ్చి చూశాడు. వాళ్లలో కొందరు తాగుడు జబ్బున్న తండ్రుల కొడుకులు, మిగతావాళ్ల ఇళ్లలో ఆ చరిత్ర లేదు. రక్తంలో మద్యం అందరిలో ఒకేలా ఉంది. కాలేయం వేగంలో తేడా లేదన్నమాట. కానీ తాగుబోతుల కొడుకుల్లో చాలామంది "నాకేమీ ఎక్కలేదు" అన్నారు. నిలబెట్టి ఒళ్లు ఎంత ఊగుతోందో కొలిస్తే అదీ తక్కువే. పదేళ్ల తర్వాత వాళ్లందరినీ మళ్లీ వెతికి పట్టుకున్నాడు. తాగుబోతుల కొడుకుల్లో, ఇరవయ్యేళ్లప్పుడు మద్యం సరిగా ఎక్కనివాళ్లలో 56 శాతం ఆ పదేళ్లలో తాగుడుకు బానిసలయ్యారు. తొందరగా ఎక్కినవాళ్లలో 14 శాతమే. తండ్రులు ఒకే రకం, కొడుకుల దారులు ఇలా చీలిపోయాయి.

కారణం కష్టమైనదేమీ కాదు. రెండు పెగ్గులకే కళ్లు తిరిగేవాడు రెండు పెగ్గుల దగ్గర ఆగుతాడు. ఎక్కనివాడు తోటివాళ్ల స్థితికి చేరడానికి ఐదారు తాగుతాడు. తాగగలిగినవాడి చుట్టూ తాగేవాళ్లే చేరతారు. మెదడు అలవాటు పడుతుంది, మోతాదు పెరుగుతుంది. "ఎక్కలేదు" అన్నది మెదడు మాట మాత్రమే. కాలేయం అన్ని పెగ్గులనూ లెక్కలో వేసుకుంటూనే ఉంటుంది. మన పార్టీల్లో దృఢత్వంగా చలామణి అయ్యే ఈ గుణం, నిజానికి కొడుక్కి తండ్రి నుంచి దిగే ముప్పుల్లో ఒకటి.

ఒక్క జన్యువు కోసం వేట

1990లో కెన్నెత్ బ్లమ్, ఎర్నెస్ట్ నోబుల్ బృందం చనిపోయిన 70 మంది మెదళ్లను పరీక్షించి, మెదడులో ఆనందానికి సంబంధించిన డోపమైన్ గ్రాహక జన్యువులో ఒక రూపం తాగుబోతుల్లో ఎక్కువగా ఉందని ప్రకటించింది. తాగుబోతు జన్యువు దొరికిందని పత్రికలు రాసేశాయి. అదే ఏడాది ఇంకో బృందం వెతికితే అది కనిపించలేదు. కొందరికి కనిపించి, కొందరికి కనిపించకపోయేసరికి ఆ హోరు చల్లారింది. 70 మందిని చూసి మనుషుల గురించి అంత మాట అనకూడదని శాస్త్రం నేర్చుకున్న పాఠాల్లో ఇదొకటి.

ఇప్పుడు లెక్కలు లక్షల్లో ఉన్నాయి. 2022లో వెలువడిన ఒక అధ్యయనం 34 లక్షల మంది జన్యువులను చూసింది. వాళ్లలో అధికభాగం యూరప్ మూలాలవాళ్లు. పొగ, మద్యం అలవాట్లతో ముడిపడిన చోట్లు రెండువేలకు పైగా బయటపడ్డాయి. ఒక్కొక్కదాని బలం చాలా కొంచెం. కాలేయంలోని ఆ రెండు ఎంజైముల జన్యువులను మినహాయిస్తే గట్టిగా చెప్పుకోదగ్గది ఏదీ లేదు. ఇంకో సంగతి కూడా తేలింది. ఎంత తాగుతారన్నదానితో ముడిపడిన జన్యువులు, బానిస అవుతారా అన్నదానితో ముడిపడిన జన్యువులు పూర్తిగా ఒకటి కావు. కొన్ని మాత్రమే ఉమ్మడి.

ఆ చిన్న చిన్న జన్యువుల్లో ఒకదాని గురించి చెప్పాలి. కాలేయం ఎఫ్‌జీఎఫ్21 అనే హార్మోనును మెదడుకు పంపుతుంది. దాన్ని అందుకోవడానికి మెదడులో బీటా క్లోథో అనే ప్రొటీను కావాలి. 2016లో లక్షమందికి పైగా మీద జరిగిన అధ్యయనంలో ఈ ప్రొటీను జన్యువులో తేడాలు తాగే మోతాదుతో ముడిపడి కనిపించాయి. మెదడులో ఆ ప్రొటీను లేకుండా చేసిన ఎలుకల్లో మద్యం మీద మోజును ఈ హార్మోను తగ్గించలేకపోయింది. "ఇక చాలు" అని కాలేయం పంపే కబురు కొందరి మెదడుకు సరిగా అందదేమో అని ఇప్పుడు అనుకుంటున్నారు.

అన్నీ జన్యువులకే కట్టబెట్టకూడదని పండ్ల ఈగలు కూడా చెప్పాయి. 2012లో కాలిఫోర్నియాలో ఉల్రికే హెబర్లైన్ ప్రయోగశాలలో, అప్పటికే జతకట్టేసిన ఆడ ఈగల దగ్గరికి మగ ఈగలను రోజుల తరబడి వదిలారు. పాపం, పోయిన ప్రతిసారీ తిరస్కారమే. తర్వాత వాటి ముందు మద్యం కలిపిన తిండి, కలపని తిండి రెండూ పెడితే, భంగపడ్డ ఈగలు మద్యం వైపే పోయాయి. జత దొరికినవాటికి అంత ఆసక్తి లేదు. భంగపడ్డవాటి మెదడులో న్యూరోపెప్టైడ్ ఎఫ్ అనే పదార్థం తగ్గిపోయి ఉంది. దాన్ని కృత్రిమంగా పెంచితే మద్యం మీద మోజు పోయింది. 1953లో అక్కినేని చేసిన దేవదాసును చూసి ఏడ్చిన తెలుగు ప్రేక్షకులకు ఈగ కష్టం విడమరచి చెప్పక్కర్లేదు.

రెండు రాష్ట్రాలు, ఒకే జనం

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మద్యం తాగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. ఆడవాళ్లలో తెలంగాణలో దాదాపు 7 శాతం, ఆంధ్రలో ఒక శాతం కూడా లేరు. 2014 దాకా ఒకే రాష్ట్రంగా ఉన్న జనం వీళ్లు. ఈ తేడాను వివరించగల జన్యువు ఏదీ లేదు. వివరించగలిగేవి వేరే ఉన్నాయి. తెలంగాణ పల్లెలో కల్లు ఇంటి పానీయం. బోనాల్లో దేవతకు సాక పోస్తారు, చావుకూ పెళ్లికీ కల్లు ఉంటుంది, ఆడవాళ్లు తాగినా వింతగా చూడరు. కోస్తాలో ఆ మర్యాద లేదు. ఫలానా కులానికి తాగుడు సహజం అని తీర్పులిచ్చేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. వాళ్లకు జన్యుశాస్త్రం నుంచి ఒక్క ముక్క ఆధారం కూడా దొరకదు.

ఫిన్లండ్ కవలల అధ్యయనాలు ఇంకొంచెం లోతుకు వెళ్లాయి. మొదటి చుక్క ఎప్పుడు తాగుతారన్నది ఎక్కువగా ఇల్లు, స్నేహితులు, ఊరు తేలుస్తాయి. జన్యువుల పాత్ర అక్కడ తక్కువ. ఇరవైలు దాటి, తాగుడు అలవాటయ్యాక జన్యువుల మాట చెల్లడం మొదలవుతుంది. పెద్దవాళ్ల కళ్లు ఉన్న ఊళ్లలో ఆ మాట మెల్లగా, ఎవరూ పట్టించుకోని చోట గట్టిగా వినబడుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు ఎవరి జన్యువులూ మారలేదు. మగవాళ్లకు సారా అందడం మాత్రం ఆగింది.

ఉమ్మితో పరీక్ష చేసి మీ తాగుడు ముప్పు చెబుతామనే కంపెనీలు వచ్చాయి. వేల జన్యువులు, ఒక్కోదానికి ఆవగింజంత బలం, పైగా లెక్కలు కట్టింది ఎక్కువగా యూరప్ జనం మీద. ఆ చీటీ మనకు చెప్పేది చాలా తక్కువ. దానికి పెట్టే డబ్బు దండగ. దానికంటే నాన్న, బాబాయి, మేనమామ, తాత ఎలా తాగేవారో ఇంట్లో అడగండి. ఖర్చు లేని ఈ పరీక్షే ఇవాళ్టికి మెరుగు. ఇంట్లో ఆ చరిత్ర ఉండి, మొదటి పార్టీలోనే నాలుగు పెగ్గులు తాగినా ఏమీ ఎక్కలేదని మీ అబ్బాయి గొప్పగా చెప్పుకుంటే, దాన్ని బలమనుకోకండి. వాడికి షుకిట్ లెక్క చెప్పండి. అప్పటికే చెయ్యి దాటిపోయిందనిపిస్తే కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి సహాయ నంబరు 14446 ఉంది, ఫోన్‌కు డబ్బులు పడవు.